పొగమంచు రోజు

"దించండి దాన్ని!"

సాములి తల తిప్పి చూశాడు. గడ్డకట్టిన ఇనారి సరస్సు మీద, మంచు మీద తోసుకెళ్ళే స్లెడ్జి బండి పట్టుకుని ఒక ముసలావిడ. చేతిలో స్కీ కర్ర.

సాములికి ఒళ్ళు మండింది. నలుగురు విద్యార్థులు ఏడు నెలలు చచ్చీ చెడీ తయారు చేసిన డ్రోన్ అది. ఎవరూ నడపక్కర్లేదు. రెక్కలకి మంచు పేరుకుంటే తనే కనిపెట్టి దిగిపోవాలి. ఇవాళ ఆఖరి పరీక్ష. చలి సున్నాకి ఇరవై ఎనిమిది డిగ్రీలు కింద.

"ఎందుకు దించాలి?"

"పొగమంచు వస్తోంది. నిమిషంలో రెక్కలు బరువెక్కిపోతాయి."

"ఆ సంగతి అది చూసుకుంటుంది. మీరెళ్ళి కాఫీ కాచుకోండి."

"అది చూసుకోదు."

"మాకు అనుమతి కాగితం ఉంది, ముసలమ్మా!"

"ఆ కాగితమేదో మంచుకి చూపించు."

కంప్యూటర్ తెర మీదకి వంగి ఉన్న తోటి విద్యార్థిని వీవి కిసుక్కున నవ్వింది. సాములికి ఇంకా మండింది.

"పోతారా, పోలీసుల్ని పిలవమంటారా?"

ఆవిడ కదల్లేదు.

చూస్తుండగానే అవతలి ఒడ్డు మాయమైంది. డ్రోన్ చప్పుడు మారింది. దిగాల్సిన చోటు వదిలేసి పక్కకి ఒరిగింది.

ముసలావిడ ఒక్క పరుగు తీసింది. కర్రెత్తి బలంకొద్దీ కొట్టింది.

డ్రోన్ కిందపడి ముక్కలైంది.

"ఏం చేశావే, ముసల్దానా!"

సాములి కర్ర లాక్కుని మోకాలికేసి విరిచాడు. ఆ ఊపుకి ఆవిడ జారిపడింది. ఒక్కరూ చెయ్యందివ్వలేదు.

"ఆ పిల్ల..." అంటోందావిడ.

"నోర్ముయ్! మళ్ళీ ఇటు కనబడ్డావంటే మర్యాదగా ఉండదు!"

ఆవిడ స్లెడ్జి ఆసరాతో లేచి, కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

పోలీసులకి చూపిద్దామని డ్రోన్ కెమెరాలోని వీడియో పెట్టారు.

తెర నిండా వీవి మెడ. దగ్గరవుతోంది. ఇంకా దగ్గరగా. అప్పుడు అడ్డంగా వచ్చింది కర్ర.

తెర మూల డ్రోన్ రాసుకున్న మాట: 'మంచు లేదు'.

వీవి మెడ తడుముకుంది. "పద. ఆవిడ కాళ్ళు పట్టుకుందువుగాని."

ఊళ్ళో కొట్లో అడిగితే ఆవిడ పేరు హిల్క అని చెప్పి ఇల్లు చూపించారు. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. సాములి తలుపు తట్టాడు. మళ్ళీ తట్టాడు.

"హిల్క గారూ, తప్పయిపోయింది."

లోపల గడియ పడిన చప్పుడు.

వెనక్కొస్తూ ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు.

"మీ డ్రోన్‌కి మంచు గురించి నేర్పింది ఆ సరస్సు పాత కొలతలతోనే కదా?"

"అవును సార్."

"వాటిలో పొగమంచు రోజుల అంకెలు మాత్రం నమ్మలేమన్నావు. ఎవడో తాగి రాశాడని కొట్టేశావు."

సాములి నడక ఆగింది.

"ముప్పై నాలుగు చలికాలాలు, రోజూ ఆ సరస్సు మీద నిలబడి అవి కొలిచి రాసింది ఆ హిల్కే."