వెనక డ్రమ్ము

తుప్పు పట్టిన చేపల డబ్బా ఎగిరి వెళ్ళి రోడ్డు మీద ఖంగుమని పడింది.

విసిరింది తెరేతియా. పడింది ఓ ముసలాయన కాళ్ళ దగ్గర.

"ఏమయ్యా! తరావా దీవి మొత్తంలో చెత్త పారెయ్యడానికి నా గుమ్మడి మడులే దొరికాయా నీకు?"

ముసలాయన భుజాన బియ్యపు సంచీ. దాన్నిండా అలాంటి డబ్బాలే. కంచె అవతల నిలబడి, అరుగు మీద పరిచిన చాప వంక ఓసారి చూశాడు.

"ఉలకవు, పలకవు! ఇది మూడోసారి. మళ్ళీ ఇటు కనిపించావో, ఈసారి డబ్బా నెత్తి మీదే పడుతుంది. నడువ్!"

డబ్బా ఏరుకుని వెళ్ళిపోయాడు.

తెరేతియా మంట చెత్త గురించి కాదు. ఆరేళ్ళ కూతురు తీనాకి రేచీకటి వచ్చింది. ఆసుపత్రి నర్సు రూటియా మందు వేసి తగ్గించింది.

"మందు కొన్నాళ్ళే పనిచేస్తుంది. రోజూ ఆకుకూర, గుమ్మడి పెట్టు. లేదంటే మళ్ళీ వస్తుంది" అని గింజలు కూడా ఇచ్చింది.

కొబ్బరి దుంగలు కట్టి మూడు మడులు, పెరటి వెనక సగానికి కోసిన డ్రమ్ము ఒకటి. పందుల పెంట వేసింది. ఎండుటాకులు వేసింది. బావి నీళ్ళు ఉప్పని వాన నీళ్ళే పోసింది. ఏం లాభం? మడుల్లో తీగలన్నీ కామెర్లు పట్టినట్టు పసుపెక్కాయి.

"మొక్కల సంగతి తెలిసిన మనిషిని పంపిస్తాలే" అని నర్సు మాటిచ్చి రెండు నెలలు. వ్యవసాయ ఆఫీసు బండి చప్పుడు వినబడుతుందేమోనని తెరేతియా చెవులు రిక్కించుకుని ఉంది. బండీ లేదు, గిండీ లేదు!

ఆ సాయంత్రం తీనా పందిపిల్ల తట్టుకుని బోర్లా పడింది.

"అమ్మా, దీపం పెట్టలేదేం?"

దీపం ఎదురుగానే వెలుగుతోంది.

తెల్లారగానే తెరేతియా ఆసుపత్రికి వెళ్ళి విరుచుకుపడింది.

"ఏడీ నర్సమ్మా, మీరు పంపిస్తానన్న మనిషి? నా పిల్ల గుడ్డిదయ్యాక వస్తాడా?"

నర్సు తెల్లబోయింది. "అదేంటి! నీ కోసమని రెండు ఓడలు వదులుకుని, నిన్న రాత్రే వాళ్ళ దీవికి వెళ్ళిపోయాడు. మీ ఇంటికి మూడుసార్లు వెళ్ళానన్నాడే!"

"మా ఇంటికా? తుప్పు డబ్బాల ముసలాడు తప్ప పిట్ట కూడా రాలేదు! నా అదృష్టం బాగుండి వెనక డ్రమ్ము మీద వాడి కన్ను పడలేదు. అదొక్కటే నవనవలాడుతోంది."

నర్సు చేతిలోని మందు సీసా బల్ల మీద పెట్టేసింది.

"నువ్వు మొదటిసారి తరిమేశాక, ఆదివారం నువ్వు చర్చికి వెళ్ళింది చూసి, ఆ డ్రమ్ములో లోతుగా డబ్బాలు పూడ్చానన్నాడు తల్లీ. మన పగడపు ఇసుకలో ఇనుము ఉండదట. మొక్కకి ఆ తుప్పే మందట."



"మరి... ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా?"

"మన ఆచారం నీకు తెలియదా? పిలిచి చాప మీద కూర్చోమనందే అంత పెద్దాయన పని మాట ఎత్తుతాడా? నువ్వు కూర్చోమంటావేమోనని మూడుసార్లూ ఎండలో నిలబడే చూశాడట."