కాకి తెచ్చిన నీలాలు

కాకి ఊరికే ఏదీ తేదు. ఆ రోజు రెండు నీలాలు తెచ్చి, "రెండూ అసలైనవే, చెల్లీ. నీ తొర్ర ఇచ్చి నచ్చింది తీసుకో" అంది మైనాతో. మైనా ధగధగలాడేదాన్ని తీసుకుని తొర్ర ఇచ్చేసింది.

సాలీడు దిగొచ్చి రెండు రాళ్లలోకీ తొంగిచూసింది. "మసకదాంట్లో పుట్టుకతో వచ్చిన సన్నటి దారాలున్నాయి. అలాంటిది అరుదు. నీదీ నీలమే కానీ, మెరుపు కోసం కొలిమిలో కాల్చారు. దారాలు కరిగిపోయాయి."

"చెప్పలేదేం, అన్నా?" అంది మైనా.

"నువ్వు అడగలేదుగా!" అని కాకి పకపకా నవ్వింది. మైనా కూడా నవ్వేసి ఊరుకుంది.

మొదటి వానకే కాకి తడిసి ముద్దయింది. "తొర్ర కారుతుందని చెప్పలేదేం, చెల్లీ?"

"నువ్వూ అడగలేదుగా, అన్నా!"