మొదటి ఛార్జింగ్

దమ్మపేటలో ఫోన్లు బాగుచేసే ముస్తకీమ్, అడవి అంచున జంపయ్య ఇంట్లో టార్చి బ్యాటరీలకు ఛార్జర్ కట్టాడు. సోలార్ పలక, చిన్న బోర్డు, బ్యాటరీ పెట్టే గూడు. ఛార్జింగ్ ఎక్కుతుంటే ఎర్రలైటు, నిండితే నీలం.

జంపయ్య బ్యాటరీ పెట్టనివ్వలేదు.

"కొత్తది ఏదైనా ముందుగాల సచ్చిపోయిన పెద్దలకే పెడ్తం భాయ్. ఈ రాత్రి మా అన్నది."

అన్న నిరుడు అడవిపందుల కావలికి పోయి, టార్చి ఆరిపోతే చేలో బావిలో పడి చనిపోయాడు.

"ఖాళీ గూట్లకు ఏం ఎక్కుతది?" అని నవ్వి, చీకటి పడ్డాక, ఏదీ వెలగదని చూపడానికి ముస్తకీమ్ సోలార్ వైర్లు కూడా విప్పేశాడు.

ఎర్రలైటు వెలిగింది.

వైర్లు తడిమి చూశాడు. విప్పినవి విప్పినట్టే ఉన్నాయి. జంపయ్య మాత్రం చేను వైపే చూస్తున్నాడు.

కాసేపటికి లైటు నీలంగా మారింది. అవతల బావి దగ్గర ఎవరో టార్చి వేశారు.