పోటీకి సాక్షి

“ఫ్రిజ్‌లో పై అర మాది. నీ ఎర్ర ప్యాకెట్లు తీస్తావా, రోడ్డు మీద పారబొయ్యమంటావా?” అంటూ నీలం డెయిరీ వ్యాను డ్రైవరు కొట్లోకి దూసుకొచ్చాడు.

ఎర్ర డెయిరీ సూపర్‌వైజరు వెనక్కి కూడా తిరగలేదు. తన పాల ప్యాకెట్లను వరసగా సర్దుకుంటూనే, “చెయ్యి వేసి చూడు, తెలుస్తుంది” అన్నాడు.

ఇద్దరి ముక్కూ ఒకటే, ఇద్దరి గొంతూ ఒకటే. ఒక తల్లి బిడ్డలు; డ్రైవరు అన్న, సూపర్‌వైజరు తమ్ముడు. నాలుగేళ్లుగా ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

అన్న చెయ్యి వేశాడు. రెండు ప్యాకెట్లు నేలమీద పడి పగిలాయి. పాల కోసం వచ్చినవాళ్లు చెప్పులు తడవకుండా వెనక్కి జరిగారే గాని, ఒక్కరూ వెళ్లిపోలేదు.

“మీ పోట్లాటలతో నా కొట్టు తగలబడేట్టుంది,” అంది కొట్టు పిన్ని, పాత గోనెపట్టా తెచ్చి పాల మీద పడేస్తూ. “ఇంతలా కొట్టుకు చస్తారు, ఒక్కరైనా ధర తగ్గించరేం నాయనా? ఏడాదిలో మూడుసార్లు పెంచారు. మూడుసార్లూ ఇద్దరూ ఒకేరోజున!”

“మేం పెంచితే చూసి వాళ్లు పెంచుతారు పిన్నీ. సొంత బుర్రంటూ ఉంటేగా,” అన్నాడు అన్న.

తమ్ముడు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం నీలం డెయిరీ యజమాని డ్రైవరుని తన గదికి పిలిపించాడు. కుర్చీ చూపించాడు. డ్రైవరు కూర్చోలేదు.

“పోటీ నియంత్రణ శాఖవాళ్లు మన మీద పడ్డారయ్యా. మనమూ ఎర్రవాళ్లూ కూడబలుక్కుని ధరలు పెంచుతున్నామని ఎవరో ఫిర్యాదు చేశారట.”

“మనమూ వాళ్లూనా సార్!” డ్రైవరుకి నవ్వు ఆగలేదు.

“రేపు విచారణకొచ్చి నువ్వు ఆ ముక్కే చెప్పాలి. నా కంపెనీ కోసం తోడబుట్టినవాణ్నే వదులుకున్న మనిషివి. నీకన్నా నాకు సాక్ష్యం ఏముంటుంది?”

యజమాని అతని భుజం మీద చెయ్యి వెయ్యడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఇంటికి వెళుతూనే సంగతి చెప్పి, ఇస్త్రీ చొక్కా తీయమన్నాడు భార్యని.

“మరిది మీద సాక్ష్యానికా?” అందామె.

“వాడి మీద కాదే. మా సారు కోసం.”

“ఏదో ఒకటి. వాళ్ల పసిదానికి మూడేళ్లొచ్చాయి, పెదనాన్న మొహమే ఎరగదు,” అని చొక్కా మంచం మీద పడేసి వెళ్లిపోయింది.

విచారణ గది ఇరుకుగా ఉంది. గోడ పొడవునా ఫైళ్లు. బల్లకి అవతల కళ్లద్దాల అధికారిణి, పక్కనే టైపు చేసే మనిషి. వెనక వరసలో యజమాని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

“ఎర్ర డెయిరీతో మీకు నిజంగా పోటీ ఉందా?” అడిగింది అధికారిణి.

“పోటీనా అమ్మా! తెల్లారితే యుద్ధమే. వాళ్లు ఒక కొట్టు పట్టుకుంటే మేం రెండు పట్టాలి. వాళ్ల సూపర్‌వైజరు నా సొంత తమ్ముడు. వాడితో మాట కలిపితే ఉద్యోగం ఉండదని మా సారు ముందే చెప్పారు. కలపలేదు. వాడికి కూతురు పుడితే చూడ్డానికి వెళ్లలేదు. మా అమ్మ పోయిన రోజు కూడా ఆ మూల వాడు, ఈ మూల నేను...” ఇస్త్రీ చొక్కా చేతికి మొహం తుడుచుకున్నాడు. “నాటకానికైతే ఎవరన్నా ఇంత చేసుకుంటారా అమ్మా?”

టైపు చేసే మనిషి చేతులు ఆగిపోయాయి.

“మీరు అబద్ధం చెప్పట్లేదు. నాకదే బాధగా ఉంది,” అంటూ అధికారిణి ఒక కాగితం ముందుకు జరిపింది. “ఎర్ర డెయిరీ ఎవరి పేరు మీద ఉందో చదవండి.”

అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. తన యజమాని భార్య పేరు. మళ్లీ చదివాడు. అదే పేరు.

“రెండింటికీ పాలు ఒకే ట్యాంకు నుంచి వస్తాయి. మారేది ప్యాకెట్ రంగే,” అందామె. “ఒకటి నచ్చక జనం రెండోది కొన్నా, డబ్బు చేరేది ఒకే ఇంటికి.”

అతను వెనక్కి తిరిగాడు. “సార్...” అన్నాడు. యజమాని ఫోనులో ఏదో వెతుక్కుంటున్నాడు. తల ఎత్తలేదు. నిన్న ఆ చెయ్యి పడిన చోట భుజాన్ని డ్రైవరు తెలియకుండానే దులుపుకున్నాడు.

“మా తమ్ముడు కూడా మోసపోయాడమ్మా. పిచ్చి వెధవ, వాడికీ సంగతి తెలీదు. వాడికి చెప్పాలి,” అంటూ లేచాడు.

“ఆయన బయటే ఉన్నారు. నిన్ననే వచ్చి మాతో మాట్లాడారు,” అందామె మెల్లగా.

డ్రైవరు ఒక్క ఉదుటున వసారాలోకి వచ్చాడు. తమ్ముడు బెంచీ చివర ముడుచుకుని కూర్చున్నాడు. అన్న వెళ్లి వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత పట్టుకోవడం.

“ఒరేయ్ చిన్నోడా! మనిద్దర్నీ కోడిపుంజుల్లా ఆడించార్రా. పోనీలే, ఉద్యోగాలు పోతే పోయాయి. లే, ఇంటికి పోదాం. ముందు నాకు నీ కూతుర్ని చూపించు.”

తమ్ముడు చేతులు విడిపించుకోలేదు. కళ్లూ ఎత్తలేదు.

“నన్ను కొట్టు అన్నయ్యా,” అన్నాడు. “అన్నదమ్ములే కొట్టుకుంటుంటే ఆ పోటీని జనం నమ్ముతారని మీ సారుకి చెప్పి, ఈ సూపర్‌వైజరు ఉద్యోగం అడిగి తీసుకుంది నేనే.”