ఊపిరికి వంగిన తుంపర

ఆ గదిలో అందరూ కలలో నడిచినట్టు నడుస్తారు.

గట్టిగా అడుగేస్తే గాలి కదులుతుంది. గాలి కదిలితే తుంపర చెదురుతుంది. తుంపర చెదిరితే గది ఇన్‌ఛార్జి ఊరుకోదు.

ఆమెను అందరూ తుంపరక్క అంటారు. ఇంట్లో కూడా తలుపు చప్పుడు కాకుండా వేస్తుంది. "కాపురానికొచ్చావా, దొంగతనానికొచ్చావా?" అని మొగుడు ఆటపట్టిస్తాడు.

గదిలో జరిగే పని ఒక్కటే. గుండె నాళంలో పెట్టే స్టెంట్‌కు కొత్తరకం మందు పూత వేయడం. చూడటానికి బియ్యపుగింజంత జాలీ గొట్టం, అంతే.

పూత బాగుంది, పరీక్షలన్నీ నెగ్గింది. కానీ తన గుండెలో మొట్టమొదట పెట్టించుకోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. చూసి చూసి యజమాని విసిగిపోయాడు. గది మూసేస్తామనీ, యంత్రాలు కొనేవాళ్ళు వచ్చి చూసుకుంటారనీ చెప్పేశాడు.

తుంపరక్కకు అన్నం సహించడం లేదు.

ఆ రోజు గాజుపెట్టె ముందు ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. తెల్లకోటు, మాస్కు.

"చూసి పోదామని వచ్చానమ్మా," అన్నాడు.

బేరగాడు రానే వచ్చాడు అనుకుంది.

"చూడండి. ముట్టుకోకండి," అంది ముక్తసరిగా.

నాజిల్ మొన నుంచి తుంపర దిగుతోంది. పడటం కాదు, దిగడమే.

"ఇంత మెల్లగానా? పంపుతో కొట్టినట్టు కొడుతుందనుకున్నాను."

"అలా కొడితే మందు సగం ఎగిరి అవతల పడుతుంది. దీంట్లో తోసేది ఏమీ లేదు. మొన వణుకుతుంది. అక్కడికొచ్చిన మందు ఆ వణుకుకే విడిపోయి సన్నటి చుక్కలవుతుంది."

"వణుకు కనబడదే?"

"వినబడదు కూడా. మన చెవికి అందని మోత."

"అయితే పాడుతోందన్నమాట."

ఒళ్ళు మండుతున్నా ఆ మాట ఆమెకు నచ్చింది. తనూ రోజూ అలాగే అనుకుంటుంది. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఇద్దరూ అలా చూస్తూ ఉండిపోయారు. తెల్లటి వెలుతురు, తెల్లటి తుంపర, అందులో మెల్లగా తిరుగుతున్న వెండి గొట్టం. కాలం కూడా చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చినట్టుంది.

"పూతలో తేడా వస్తే?" అన్నాడాయన.

"రాకూడదు. ఒకచోట దళసరి, ఒకచోట పల్చన అయితే ఆ మనిషికి ముప్పు. అందుకే పెట్టె దగ్గర మేం ఊపిరి కూడా బిగబట్టి నిలబడతాం."

ఆయన తల ఊపాడు. ఇంకా దగ్గరగా చూడాలనిపించిందేమో, మాస్కు కిందికి లాగి, పెట్టె తలుపు తెరిచి తొంగిచూశాడు. ఆయాసం ఆపుకోలేక ఉస్సురన్నాడు.

తుంపర పక్కకు వంగింది.

తుంపరక్క ఇంతెత్తున లేచింది. ఆ గదిలో ఆమె గొంతు పెంచడం అదే మొదటిసారి.

"ఏమిటండీ ఈ పని? మీకిది ఇనప సామాను. నాకు మనిషి ప్రాణం! నడవండి బయటికి!"

ఆ స్టెంట్‌ను తీసి ఆయన కళ్ళముందే చెత్తడబ్బాలో పడేసింది.

"కొంచెమే కదమ్మా తగిలింది?"

"ఆ కొంచెమే కొంప ముంచేది!"

ఆయన చిన్నగా నవ్వి, గోడ పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళు గడిచాయి. యంత్రాలు కొనడానికి ఎవరూ రాలేదు. పెద్దాసుపత్రి డాక్టరు నుంచి ఫోన్ మాత్రం వచ్చింది.

"అమ్మా, మీ స్టెంట్ ఒకరికి పెట్టాం. రక్తం చక్కగా పారుతోంది. ఇది విని ఇంకొందరు ముందుకొస్తున్నారు. మీ గదికి ఢోకా లేదు."

తుంపరక్క సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

"ఎవరండీ ఆ మహానుభావుడు? ఒక్కసారి చూపించండి, కాళ్ళకు దండం పెట్టుకుంటాను."

"పొద్దున్నే వాళ్ళ ఊరు వెళ్ళిపోయారమ్మా. తనెవరో ఎవరికీ చెప్పొద్దన్నారు."

"అందరూ భయపడితే ఆయనెలా ఒప్పుకున్నారు?"

"నేనూ అదే అడిగాను. 'వెళ్ళి నా కళ్ళతో చూసొచ్చాను డాక్టరుగారూ, ఒక్క ఊపిరి తగిలినందుకే నన్ను బయటికి గెంటిన తల్లి చేతి పని, నా గుండెకు ఇంకేం భయం' అన్నారు."