మామగారి నాలుక

బల్ల మీద రెండు జగ్గులున్నాయి. ఎడమవైపుది పెద్దకోడలిది. కుడివైపుది చిన్నకోడలిది. రెండింట్లోనూ పేల్ ఏల్ బీరే.

మామగారు కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నారు. నలభై ఏళ్లు బీరు కాచిన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. అందుకే ఈ పోటీ. కోడళ్లిద్దరికీ చెరో ట్యాంకు ఇచ్చి, నెల రోజులు గడువు పెట్టారు. గెలిచినవాళ్లకి ట్యాంకుల గది తాళాలు. ఓడినవాళ్లు సీసాలు కడిగే గదిలోకి.

ఆ గది పెద్దకోడలికి కొత్త కాదు. పెళ్లికి ముందు అక్కడే సీసాలు కడిగేది. పెద్దకొడుకు ఆమెను చూసిందీ అక్కడే. పదకొండేళ్లయినా ఆ సంగతి మామగారికి మింగుడుపడలేదు. ఆయన చేతులు వణకడం మొదలైన రెండేళ్ల నుంచీ బీరంతా ఆమె చేతి మీదుగానే నడుస్తోంది. అది బయటివాళ్లకి తెలియదు. సీసా మీద మామగారి బొమ్మే ఉంటుంది.

చిన్నకోడలు వచ్చి ఏడాది. బీరు తయారీ చదివి, పట్టా పుచ్చుకుని మరీ వచ్చింది. మామగారు ఆ పట్టాకి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు.

"గ్లాసులకి నంబర్లు వేద్దాం నాన్నా. ఎవరిదేదో తెలియకుండా తాగితే బాగుంటుందేమో" అన్నాడు పెద్దకొడుకు మెల్లగా.

"అంటే? నా నాలుక మీద నీకు అనుమానమా? దానికి ఆ కోడలు, ఈ కోడలు అని ఉండదురా. తెలిసే తాగుతాను. పొయ్యండి."

మొదటి గ్లాసు ఎత్తి కిటికీ వెలుగులో పెట్టారు.

"మసకమసగ్గా ఉంది. సీసాలు కడిగిన నీళ్లలా." పెద్దకోడలి వైపు చూశారు. "పాత అలవాటు ఎక్కడికి పోతుందిలే."

చిన్నకొడుకు కిసుక్కున నవ్వాడు.

మామగారు గ్లాసులో ముక్కు పెట్టారు. "నారింజ తొక్కల కంపు. బీరు చెయ్యమంటే పళ్ల బండి పెట్టావేంటమ్మా?"

ఒక గుక్క తీసుకుని నోరంతా తిప్పి, పక్కనున్న బకెట్లో ఉమ్మేశారు.

"చేదు! పట్టుకుంటే వదలదే!"

పలక తీసుకుని సుద్దముక్కతో రాశారు. యాభైకి పంతొమ్మిది.

"కాస్త చల్లదనం తగ్గాక ఇంకొక్క గుక్క చూడండి మామయ్యగారూ" అంది పెద్దకోడలు.

"ఒక్క గుక్కకే నోరు పాడైంది. ఇంకోటి కూడానా?"

ఆయన రొట్టెముక్క నమిలి, నీళ్లు పుక్కిలించారు. రెండో గ్లాసు అందుకున్నారు. చిన్నకోడలు ఏప్రన్ తాడును వేలికి చుట్టుకుంటూ నేలవైపు చూస్తోంది. వేలు ఎర్రగా కమిలిపోయింది.

"తలెత్తు తల్లీ. కాలేజీలో పరీక్షలకి కూడా ఇలాగే వణికిపోయేదానివా?"

గ్లాసు వెలుగులోకి లేచింది.

"అబ్బ! చూశారా, లేత పొగమంచు కమ్మినట్టు! వడగట్టి వడగట్టి ప్రాణం తియ్యలేదు. చదువుకున్న చెయ్యంటే ఇదీ."

వాసన చూసి కళ్లు మూసుకున్నారు. "నారింజ తోటలో అడుగుపెట్టినట్టుందిరా!"

ఈసారి ఉమ్మలేదు. మింగారు.

"ఆ చేదు చూడండి. మింగినా ఇంకా నిలబడే ఉంది. పేల్ ఏల్ అంటే అలా పట్టుకోవాలి."

యాభైకి నలభై ఆరు.

పెద్దకోడలు చటుక్కున తలెత్తింది. చిన్నకోడలి వైపే చూసింది. ఆమె మాత్రం నేల మీంచి చూపు ఎత్తలేదు.

"మామయ్యగారూ, ఒక్క మాట."

"ఓడిపోయాక అందరికీ మాటలొస్తాయి. ఏడుపుగొట్టు మాటలు నాకొద్దు."

"నేను చెప్పను. నువ్వు చెప్తావా చెల్లీ?"

చిన్నకోడలు ఒకసారి పలక వైపు చూసింది. తర్వాత గోడకి వేలాడుతున్న తాళాల వైపు. వేలికి చుట్టిన తాడు విప్పేసింది.

"నన్నేం చెప్పమంటావక్కా? ఆ చేదుకి వేసే పువ్వు కాస్త తగ్గించాల్సింది. ముందే నన్నడిగితే చెప్పేదాన్ని కదా."

మామగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "విన్నావా? చిన్నదైనా సిగ్గుపడకుండా అడిగి నేర్చుకో. నేర్చుకుని మాత్రం ఏం చేస్తావులే! రేపటి నుంచి సీసాలేగా."

"రేపటి దాకా ఎందుకు నాన్నా? కడగాల్సినవి ఇప్పుడే బోలెడున్నాయి" అన్నాడు చిన్నకొడుకు.

పెద్దకొడుకు తన బూట్ల వైపు చూసుకున్నాడు. భార్య వైపు చూడలేదు.

పెద్దకోడలు ఏప్రన్ విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టింది. బయటికి నడిచింది. కాసేపటికి పక్కగదిలో కుళాయి విప్పిన చప్పుడు వినిపించింది. సీసాలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు కూడా.

"ఆ కుడివైపు జగ్గులోంచి నాకింకో గ్లాసు పొయ్యి తల్లీ" అన్నారు మామగారు.

చిన్నకోడలు పోసింది. ఈసారి తల దించుకోలేదు.

ఆ పొద్దున్నే చిన్నకోడలు, పుల్లబడిపోయిన తన ట్యాంకు పక్కన కూలబడి "నా పరువు కాపాడక్కా" అంటూ ఆమె కాళ్లు పట్టుకుని ఏడిస్తే, రెండు జగ్గులూ తన ట్యాంకులోంచే నింపింది పెద్దకోడలు.