ఉలవల డబ్బా

"బూడిదరంగుదే వస్తాది."

గుర్రప్పందేల బాట పక్క గట్టుమీద గొంతుక్కూర్చున్న ముసలాయన ఎవరూ అడక్కుండానే అన్నాడు. మాసిన తలపాగా. ఒళ్లో ఒక రేకు డబ్బా.

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు.

"ఆ పొట్టికాళ్లదా? తాతకి సూపు ఆనట్లేదర్రా!"

"తెల్లారగట్ల వానకి నేల మెత్తబడిపోనాది. పొడుగుకాళ్లవి దిగబడతాయి. సూడండి."

బూడిదరంగుదే వచ్చింది.

రెండో పందెంలో ఎర్రదన్నాడు. డొక్కలు ఎగరెయ్యకుండా నిదానంగా ఊపిరి తీస్తున్నది అదొక్కటేనట. ఎర్రదే వచ్చింది.

అంతే, తీర్థానికొచ్చిన జనమంతా ఆ గట్టు దగ్గరే మూగారు.

జనాన్ని తోసుకుంటూ చిన్నతల్లి వచ్చింది. చంకలో ఎనిమిది నెలల గుంట. పెనిమిటి ఎల్లాజీ గరివిడి స్టేషను దగ్గర జట్కా తోలుతాడు. నాలుగు నెలల కిందట రాజాం సంతలో దళారి చేతిమీదుగా కొన్న నల్లగుర్రాన్ని ఇవాళ ఆఖరి పందేనికి ఎక్కుతున్నాడు.

గెలిచినవాడికి ఈనిన ఆవు.

చిన్నతల్లికి పాలు ఎండిపోయి నెల దాటింది. గుంట గంజినీళ్ల మీద బతుకుతోంది.

"తాతా, మా నల్లది గెలుస్తాదా?"

ముసలాయన గుర్రం వైపు చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇది మీదా?"

"మాదే."

"గెలుస్తాది."

చిన్నతల్లి ముఖం విప్పారింది.

"గెలిసినాక ఆగదు తల్లీ. నీ పెనిమిటిని దిగిపొమ్మను."

"ఏటా మాట! పిల్లికూనలాగుంటాది మా గుర్రం."

"బండి కట్టినప్పుడు అలాగే ఉంటాది. పక్కన ఇంకో గుర్రం పరిగెట్టిందా, దానికి కళ్లెమూ తెలీదు, మనిషీ తెలీదు. ఆ పందిరాట దాటి సూడు, ఏటున్నాదో."

పందెం ముగిసే చోట పాతిన పందిరాటకి అవతల, మాంగనీసు తవ్వి వదిలేసిన గొయ్యి. అడుగున ఎర్రనీళ్లు.

"నీకెలా తెల్సు?"

ముసలాయన తల వంచేసుకున్నాడు. చివరికి డబ్బా పట్టుకుని లేచి, "సూడు" అంటూ గలగలా ఆడించాడు. లోపల ఉలవలు.

అంత దూరాన ఉన్న నల్లగుర్రం చెవులు నిక్కించింది. ఎల్లాజీని ఈడ్చుకుంటూ ఇటే రాబోయింది. చంకలో గుంట ఉలిక్కిపడి కెవ్వుమంది.

చిన్నతల్లి గుంటని పొదువుకుని వెనక్కి గెంతింది.

"ఓలమ్మో! చిల్లంగి! మా గుర్రానికి చిల్లంగి పెడతన్నాడు!"

ఆ మాట ముందు ఆమె నోటినుంచే వచ్చింది. చేతబడి మాట వినబడ్డాక ఆ పక్కల ఎవరూ ఇంకేమీ అడగరు. మట్టిబెడ్డలు లేచాయి. వాటి వెనక రాళ్లు లేచాయి. ఒకటి నుదుటికి తగిలింది. ముసలాయన రక్తం తుడుచుకోలేదు. డబ్బాని గుండెకి హత్తుకుని గోతి వైపు కుంటుకుంటూ పోయాడు.

ముసలాయన మాట చిన్నతల్లి చెవిలోనే ఉంది. మొగుణ్ని దిగిపొమ్మందామనుకుంది. ఎల్లాజీ అప్పటికే గుర్రమెక్కి అటు తిరిగిపోయాడు. బయల్దేరిన మనిషిని వెనకనుంచి ఎలా పిలుస్తుంది?

గుంటని చంక మార్చుకుని పందెం వైపు తిరిగింది.

డప్పు మోగింది.

నల్లది ఇంకే గుర్రాన్నీ దగ్గరికి రానివ్వలేదు. పందిరాట దాటేసరికి వెనకదానికీ దీనికీ మధ్య రెండు జట్కాలు పట్టేంత ఎడం. జనం తువ్వాళ్లు ఎగరేశారు.

"గెలిసీసినాడే నీ మొగుడు!" అని ఎవరో చిన్నతల్లి భుజం చరిచారు.

గుర్రం ఆగలేదు.

ఎల్లాజీ వెనక్కి వాలిపోయి లాగుతున్నాడు. కళ్లెం తాడు పుటుక్కున తెగి చేతిలోకొచ్చింది. డప్పు ఆగిపోయింది. చిన్నతల్లి గుంటతోనే గోతి వైపు పరుగందుకుంది.

అప్పుడు వినబడింది, గలగలా.

గోతి అంచున నిలబడి ఉన్నాడు ముసలాయన. ముఖం నిండా రక్తం. రెండు చేతులతో డబ్బాని ఆడిస్తున్నాడు.

గుర్రం ముందుకాళ్లు నేలలో దించి జారింది. ఎల్లాజీ ఎగిరి ఇవతల తుప్పల్లో పడ్డాడు. గుర్రం రొమ్ము ముసలాయనకి తగిలింది. ఊరికే అలా తగిలింది, అంతే.

వానకి నానిన అంచు ముసలాయన కాళ్ల కింద విరిగిపోయింది.

చిన్నతల్లి పరిగెత్తుకొచ్చేసరికి ఎల్లాజీ మోచెయ్యి పట్టుకుని లేచి కూర్చున్నాడు. గుర్రం తల వంచి ఒలికిన ఉలవలు ఏరుకు తింటోంది. కింద ఎర్రనీళ్లు అప్పుడే సర్దుకున్నాయి.

జీళ్లమ్ముకునే బుల్లమ్మ ఒడ్డున పడ్డ డబ్బా తీసి అటూ ఇటూ తిప్పింది. ఆమెకి ఏడుపు ఆగలేదు.

"మా ఊరి సోములు తాతదే ఇది. ఈ గుర్రం గుణం దాసీసి దళారికి అమ్మీసినాడు. ఆ రోజునుండి కంటిమీద కునుకు లేదు. కొన్నోడు కనబడితే సెప్పీయాలని తీర్థం తీర్థానికీ తిరుగుతన్నాడు. గెలిసే గుర్రం సెప్తే జనం మూగుతారు, ఆళ్లలో ఆ కొన్నోడూ వస్తాడనీవోడు."

ఎవరో ఆవుని తోలుకొచ్చి పలుపు చిన్నతల్లి చేతిలో పెట్టారు. ఆమె వేళ్లు ముడుచుకోలేదు.

బుల్లమ్మ గుర్రాన్ని చూస్తూ మెల్లగా అంది.

"ఈ సోములు కొడుకూ దీనిమీద గెలిసినాకే పోనాడే, తల్లీ."